నెలకు రెండు మార్కుల బ్యాండు

జర్మనీలో అద్దె ఇల్లు దొరికి, సిటీ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకున్న కొద్ది వారాలకే ఒక ఉత్తరం వస్తుంది. రేడియో, టీవీల కోసం ఇంటికి నెలకు 18.36 యూరోలు కట్టాలని దాని సారాంశం. టీవీ ఉన్నా లేకపోయినా, జర్మన్ వచ్చినా రాకపోయినా కట్టాల్సిందే. ఇక్కడి తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో కొత్తగా వచ్చినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి. మొన్న వరంగల్ తమ్ముడు ఒకడు అడిగాడు: "అన్నా, మనింట్ల టీవీనే లేదు. మరి గీ పైసలెందుకు కట్టాలె?" ఇంక చూడండి, గ్రూపులో తలా ఒక మాట. దండగ అని ఒకరు, పగటి దోపిడీ అని ఇంకొకరు.

ఆ చర్చలో నేను ఒక పేరు రాశాను: కుర్ట్ ఎడెల్‌హాగెన్. ఎవరికీ అర్థం కాలేదు. ఫోన్‌లో నాలుగు లైన్లలో తేలే విషయం కాదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ఎడెల్‌హాగెన్ జర్మనీలో జాజ్ బిగ్ బ్యాండ్ నడిపిన మనిషి. ఆ చందా డబ్బుతోనే నడిపాడు. ఆయన కొలోన్ రేడియోలో చేరిన 1957లో రేడియో చందా నెలకు 2 మార్కులు (యూరో రాకముందు జర్మనీ డబ్బు). ఇంటింటి నుంచీ వచ్చిన ఆ రెండేసి మార్కుల్లోంచి కొంత భాగం ఆయన బ్యాండుకి జీతాలుగా పోయింది. ఆ జీతాలు లేకపోతే ఆయన లేడు, యూరప్‌లో తర్వాత వచ్చిన మంచి జాజ్‌లో చాలా భాగమూ లేదు. నా వాదన ఇదే. దీనికి ఎదురు చెప్పేవాళ్ల దగ్గరా గట్టి కారణాలే ఉన్నాయి. వాటినీ చూద్దాం.

జీతాల లెక్క

బిగ్ బ్యాండ్ అంటే నాలుగు ట్రంపెట్లు, నాలుగు ట్రాంబోన్లు, ఐదు శాక్సఫోన్లు, వెనక పియానో, బేస్, డ్రమ్స్, కొన్నిసార్లు గిటార్. ఎంత తగ్గించినా పదిహేను, పదహారు మంది తేలతారు. ముగ్గురు నలుగురుండే జాజ్ బృందం అయితే ఏ చిన్న క్లబ్బులోనైనా వాయించి, టికెట్ల డబ్బు పంచుకుని బతికేయొచ్చు. పదహారు మందికి అలా కుదరదు. ప్రయాణాలు, హోటళ్లు, రిహార్సళ్లు, పాటల్ని ఇంతమందికి పంచి రాసే అరేంజర్ల ఫీజులు, అన్నీ కలిసి తడిసి మోపెడవుతాయి.

బిగ్ బ్యాండ్ పుట్టిన అమెరికాలోనే ఇది నడవలేదు. 1946 డిసెంబరులో బెన్నీ గుడ్‌మన్, వుడీ హెర్మన్, హ్యారీ జేమ్స్, టామీ డోర్సీ లాంటి హేమాహేమీలు వరసపెట్టి తమ బ్యాండ్లు మూసేశారు. డాన్సు హాళ్లకు జనం తగ్గారు, ఖర్చులు మాత్రం తగ్గలేదు. డ్యూక్ ఎలింగ్టన్ మాత్రం పట్టు విడవకుండా చివరిదాకా నడిపాడు. అదీ తను రాసిన పాటల మీద వచ్చే రాయల్టీలు తెచ్చి బ్యాండులో పోసి. అంటే ఎలింగ్టన్ అంతటి స్వరకర్తవి అయి ఉండాలి, పైగా ఆ సంపాదన బ్యాండుకి ధారపోసే మనసూ ఉండాలి.

ఎడెల్‌హాగెన్ స్వరకర్తగా పేరు తెచ్చుకున్నవాడు కాదు. ఆయనకు తెలిసిన విద్య వేరు. ఎవరు ఎవరి పక్కన కూర్చుంటే బాగుంటుందో తెలుసు. వాళ్లను తెచ్చుకుని, కూర్చోబెట్టి, రోజూ సాధన చేయించడం తెలుసు. ఆ విద్యకు రాయల్టీ రాదు.

హెర్నె నుంచి కొలోన్ దాకా

ఆయన 1920లో రూర్ బొగ్గు గనుల ప్రాంతంలోని హెర్నెలో పుట్టాడు. ఎస్సెన్‌లో క్లారినెట్, పియానో నేర్చుకున్నాడు. ఆయనకు పదిహేనేళ్లు వచ్చేసరికి, అంటే 1935లో, నాజీ ప్రభుత్వం రేడియోలో జాజ్‌ని నిషేధించింది. యుద్ధం ముగిశాక ఇరవై అయిదేళ్ల వయసులో సొంత బ్యాండు పెట్టి, గెలిచిన దేశాల సైనికుల క్లబ్బుల్లో వాయించడం మొదలుపెట్టాడు. నిన్నటిదాకా రేడియోలో వినిపించకూడని సంగీతాన్ని, దాన్ని పుట్టించిన దేశపు సైనికుల ముందు, ఓడిన దేశపు కుర్రాళ్లు వాయించడం. తప్పు వాయిస్తే వెంటనే పట్టుకునే శ్రోతలు వాళ్లు. ఆయన బ్యాండుకి కచ్చితత్వం మీద అంత పట్టింపు అక్కడే అబ్బి ఉంటుందని నాకనిపిస్తుంది.

తర్వాతదంతా రేడియోల కథే. 1949లో న్యూరెంబర్గ్, 1952లో బాడెన్-బాడెన్, 1957లో కొలోన్. పోయినేడాది ఎక్కడ ఎవరి పెళ్లిలో వాయించాం, వచ్చే నెల ఎక్కడ అన్న బెంగ లేకుండా, ఒకే చోట, ఒకే గదిలో, అవే మనుషులతో పని చేసే వీలు ఈ ఊళ్లు ఆయనకు ఇచ్చాయి.

బాడెన్-బాడెన్ రోజుల్లో జరిగిన రెండు సంగతులు చెప్పాలి. మొదటిది కతెరీనా వాలెంటె. పారిస్‌లో ఇటాలియన్ కళాకారుల కుటుంబంలో పుట్టిన ఈ గాయని తర్వాత ఎన్నో భాషల్లో పాడి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. 2024లో చనిపోయింది. ఆమె ఇంకా ఎవరికీ పెద్దగా తెలియని రోజుల్లో పిలిచి తన బ్యాండుతో పాడించింది ఎడెల్‌హాగెన్. రెండోది 1954 అక్టోబరులో డోనౌఎషింగెన్ ఉత్సవం. ఆధునిక శాస్త్రీయ సంగీతానికి యూరప్‌లోనే పెద్ద వేదిక అది. స్విస్ స్వరకర్త రోల్ఫ్ లీబెర్మన్ జాజ్ బ్యాండుకీ సింఫనీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన కాన్చెర్టో అనే రచనను అక్కడ మొదటిసారి వాయించారు. ఒకవైపు బాడెన్-బాడెన్ రేడియో సింఫనీ, మరోవైపు అదే రేడియో జీతం మీదున్న ఎడెల్‌హాగెన్ బ్యాండు, ముందు నిలబడి నడిపించింది హన్స్ రోస్‌బౌడ్. ఏ డాన్సు హాలు యజమాని దీనికి డబ్బు పెడతాడు? ఏ రికార్డు కంపెనీ పెడుతుంది? ముందు రేడియో ఖర్చుతో వాయించి చూపించారు, తర్వాతే అమెరికాలో చికాగో సింఫనీ దాన్ని రికార్డు చేసింది.

కొలోన్‌లో ఆయన చేసిన పని ఇంకా పెద్దది. పన్నెండేళ్ల కిందట ఒకరి మీద ఒకరు బాంబులు వేసుకున్న దేశాలవాళ్లని తెచ్చి ఒక్క వేదిక మీద కూర్చోబెట్టాడు. స్కాట్లండ్ నుంచి ట్రంపెట్ వాద్యకారుడు జిమ్మీ డ్యూకర్, ఇంగ్లండ్ నుంచి ఆల్టో శాక్సఫోన్ వాయించే డెరెక్ హంబుల్, యుగోస్లావియా నుంచి డుష్కో గోయ్‌కోవిచ్, ఆస్ట్రియా నుంచి కార్ల్ డ్రెవో, నెదర్లాండ్స్ నుంచి రాబ్ ప్రాంక్, బెల్జియం నుంచి అరేంజర్ ఫ్రాన్సీ బోలాండ్. తర్వాతి ఏళ్లలో జమైకా నుంచి విల్టన్ గేనేర్, సెయింట్ విన్సెంట్ ద్వీపం నుంచి షేక్ కీన్, అమెరికా నుంచి కుర్ర ట్రాంబోన్ వాద్యకారుడు జిగ్స్ విగమ్. షేక్ కీన్ కవి కూడా. షేక్‌స్పియర్ అంటే అతనికున్న పిచ్చి చూసే స్నేహితులు ఆ పేరు పెట్టారట. వీళ్లంతా జర్మన్ రేడియో పిలిస్తే కొలోన్‌కి వచ్చి కాపురం పెట్టారు. విగమ్ తర్వాత అక్కడే సంగీత కళాశాలలో పాఠాలు కూడా చెప్పాడు. ఆ కళాశాలలో జాజ్ తరగతికి 1958లో శ్రీకారం చుట్టింది మళ్లీ ఎడెల్‌హాగెనే.

యంత్రంలా వాయిస్తారన్న మాట

ఇప్పుడు ఎదుటివాళ్ల మాట. ఎడెల్‌హాగెన్ బ్యాండు మీద ఎప్పటి నుంచో ఒక విమర్శ ఉంది. అంతా శుభ్రంగా ఉంటుంది, వంక పెట్టడానికి ఉండదు, కానీ ప్రాణం తక్కువ. అమెరికాలోని స్టాన్ కెంటన్ బ్యాండుని ఆదర్శంగా పెట్టుకుని ట్రంపెట్లు, ట్రాంబోన్ల ఆ గర్జననీ, ఆ కొలతనీ తెచ్చుకున్నారు గానీ జాజ్‌లో ఉండే ఆ తూగు రాలేదని. నెలాఖరుకి జీతం వచ్చే మనిషి ప్రాణం పెట్టి ఎందుకు వాయిస్తాడన్న అనుమానం కూడా ఈ విమర్శ అడుగున ఉంది.

ఈ విమర్శను నేను కొట్టిపారేయను. ఆయన రికార్డులు వరసపెట్టి వింటే కొన్నిచోట్ల నాకూ అలాగే అనిపిస్తుంది. 1960ల చివరికి వచ్చేసరికి డాన్సుల కోసం చేసిన రికార్డులైతే మరీ. అవి ఎవరైనా చేయగలిగినవి. అప్పటికి జర్మనీలో బెర్ట్ కెంప్‌ఫెర్ట్, జేమ్స్ లాస్ట్ అదే దారిలో ప్రపంచమంతా రికార్డులు అమ్ముతున్నారు. రేడియో జీతం ఉండి కూడా ఎడెల్‌హాగెన్ అటు ఎందుకు వెళ్లాడన్నది నాకు మింగుడుపడని విషయం. జీతం ఉంటే చాలు, మనిషి మార్కెట్ వైపు చూడడని అనుకుంటే అది తప్పని ఆయన రికార్డులే చెబుతాయి.

కానీ "యంత్రం" అన్న మాట దగ్గర నేను ఆగుతాను. కొలోన్‌లో ఒక రేడియో బిగ్ బ్యాండ్ కచేరీకి వెళ్లినప్పుడు నాకు శాక్సఫోన్ వరుసకి దగ్గరగా సీటు దొరికింది. ఐదుగురు ఒక నిదానమైన పాటలో పొడుగాటి స్వరం పట్టుకుని ఉన్నారు. ఎదురుగా నిలబడ్డ నిర్వాహకుడి చెయ్యి అప్పుడు కదలడం లేదు. మధ్యలో కూర్చున్న ఆల్టో ఆవిడ తన శాక్సఫోన్‌ని బెత్తెడు కూడా కాదు, వేలెడంత కిందికి దించింది. ఐదు స్వరాలూ ఒక్కసారే ఆగిపోయాయి. మిగతా నలుగురిలో ఎవరూ ఆమె వైపు తల తిప్పలేదు. ఆమె ఊపిరి వాళ్లకి తెలుసు. వెనక వరుసల్లో మొదటి ట్రాంబోన్, మొదటి ట్రంపెట్ కూడా సరిగ్గా ఆమె వెనకే, ఒకే వరుసలో కూర్చుంటారు. ఆ ముగ్గురూ ఒకరినొకరు బాగా వినాలని అలా. ఇలాంటి పొందిక రావాలంటే ఏళ్ల తరబడి రోజూ కలిసి కూర్చోవాలి. పక్కవాడు ఎక్కడ ఊపిరి తీస్తాడో, ఏ స్వరాన్ని కాస్త ఎక్కువ ఊగిస్తాడో ఒంటికి పట్టాలి. కొలోన్ బ్యాండులో ఆ మధ్య కుర్చీ డెరెక్ హంబుల్‌ది. పాత రికార్డుల్లో శాక్సఫోన్లన్నీ కలిసి కదిలేచోట అతని ఆల్టో పట్టుకుని వినండి. మిగతావాళ్లు అతనికి ఒదిగి వాయిస్తున్నారు. దాన్ని యంత్రం అనడానికి నాకు నోరు రాదు.

జీతం తీసుకునేవాడు ప్రాణం పెట్టడన్న మాటకు మనవాళ్ల దగ్గరే జవాబు ఉంది. ఆకాశవాణి విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ పనిచేసిన రోజుల భక్తిరంజని విన్న పెద్దవాళ్లను అడగండి. అదంతా ప్రభుత్వ జీతం మీద తయారైన సంగీతమే. 1980ల దాకా మనమూ రేడియోకి ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవాళ్లం. అప్పుడూ కట్టేటప్పుడు విసుక్కున్నవాళ్లే పొద్దున్నే రేడియో పెట్టుకుని విన్నారు.

ఐస్‌క్రీమ్ పార్లర్ యజమాని బ్యాండు

నా వాదనకు అన్నిటికన్నా పెద్ద దెబ్బ జీజీ కాంపీ రూపంలో వస్తుంది. కొలోన్ హోహె స్ట్రాసె వీధిలో ఐస్‌క్రీమ్ పార్లర్ నడిపిన ఇటాలియన్ కుటుంబం ఆయనది. జాజ్ అంటే ప్రాణం. 1957లో ఎడెల్‌హాగెన్‌కి ఆ అంతర్జాతీయ బ్యాండు కుదర్చడంలో ఆయన చెయ్యి కూడా ఉంది. 1961లో ఆయనే సొంతంగా ఇంకో బ్యాండుకి పూనుకున్నాడు. పారిస్‌లో స్థిరపడ్డ అమెరికన్ డ్రమ్మర్ కెన్నీ క్లార్క్, ఫ్రాన్సీ బోలాండ్ దానికి నాయకులు. హంబుల్, డ్రెవో, డ్యూకర్ అందులోనూ ఉన్నారు.

ఈ క్లార్క్-బోలాండ్ బ్యాండు ఎడెల్‌హాగెన్ బ్యాండు కన్నా గొప్పదని జాజ్ వినేవాళ్లలో చాలామంది అంటారు. నేనూ అంటాను. అదే హంబుల్, అదే డ్రెవో ఇక్కడ రెక్కలు వచ్చినట్టు వాయిస్తారు. వెనక కెన్నీ క్లార్క్ డ్రమ్స్ ఉంటే ఎవరైనా అలాగే వాయిస్తారేమో. మరి చందా డబ్బుతో నడిచే రేడియో చేయలేనిది ఒక ఐస్‌క్రీమ్ పార్లర్ యజమాని చేసి చూపించినట్టేగా? ఎడెల్‌హాగెన్ వాళ్లకి అడ్డుగా ఉన్నాడనే కదా దీనర్థం?

చాలాకాలం ఈ ప్రశ్న నన్ను వేధించింది. కానీ ఆ బ్యాండు ఎలా నడిచిందో చూడండి. అది ఏడాదంతా కలిసి ఉండే బ్యాండు కాదు. రికార్డింగుకో, కచేరీకో, ఓ వరస పర్యటనకో అందరూ పోగయ్యేవాళ్లు. పని అయ్యాక ఎవరి ఉద్యోగానికి వాళ్లు. ఆ ఉద్యోగాలు చాలావరకు రేడియోల్లో, స్టూడియోల్లో. డుండీలో పుట్టిన డ్యూకర్ కొలోన్‌లో ఎందుకున్నాడు? హంబుల్ శాక్సఫోన్ వరుసని నడిపించే విద్యలో అంత ఆరితేరింది ఎక్కడ కూర్చుని? కాంపీ పిలుపు అందుకోవడానికి వాళ్లు ఆ ఊళ్లో ఉన్నారంటే, ఇంటద్దె కట్టుకుని, పిల్లల్ని బడికి పంపుకుని ఉండగలిగారంటే దానికి కారణం ఎడెల్‌హాగెన్ జీతాల పట్టిక. కాంపీ అభిరుచికీ తెగువకీ నేను దండం పెడతాను. ఆయన దున్నిన పొలానికి నీళ్లు మాత్రం రేడియో కాలువ నుంచే పారాయి.

అడ్డు సంగతి కూడా. జీతమిచ్చే బ్యాండులో రోజూ కొత్త పాటలు, గాయనీగాయకులకు తోడు వాయించడం, రేడియో అడిగిన కార్యక్రమం, ఇలా రకరకాల పనులుంటాయి. అక్కడ ప్రతి రాత్రీ పండగ కాదు. పండగ రోజు ఎగిరి గంతేయడానికి కావలసిన బలం మాత్రం ఆ రోజువారీ పనిలోంచే వచ్చింది. ఎడెల్‌హాగెన్‌ని క్లార్క్-బోలాండ్ పక్కన నిలబెట్టి తక్కువ చేసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. ఈ విషయంలో ఆయనకు అన్యాయం జరిగిందనే నా గట్టి అభిప్రాయం.

1972

1972 ఆగస్టు 26న మ్యూనిక్ ఒలింపిక్స్ ప్రారంభమయ్యాయి. జర్మనీలో అంతకుముందు జరిగిన వేసవి ఒలింపిక్స్ 1936లో, బెర్లిన్‌లో, హిట్లర్ ఎదుట. ఆ జ్ఞాపకాన్ని తుడిచేయాలన్న పట్టుదల నిర్వాహకుల్లో ఉంది. అందుకే దేశాల జట్లు స్టేడియంలోకి నడిచి వచ్చేటప్పుడు మిలిటరీ బాజా వద్దనుకున్నారు. ఆ పని ఎడెల్‌హాగెన్ బ్యాండుకి అప్పగించారు. పీటర్ హెర్బోల్జ్‌హైమర్, డీటర్ రైట్, జెర్రీ వాన్ రోయెన్ అరేంజ్‌మెంట్లు చేశారు. 121 దేశాల జట్లు, వాటిలో మనదీ, ఒక జాజ్ బిగ్ బ్యాండ్ వాయిస్తుంటే నడిచి వచ్చాయి. పదిహేనేళ్ల వయసులో జాజ్ నిషేధం చూసిన మనిషి, యాభై రెండేళ్లకి, అదే దేశం ప్రపంచాన్ని ఆహ్వానిస్తున్న రోజున, దాని తరఫున అదే సంగీతం వాయించాడు. ఆ వీడియో చూసినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. పది రోజులకే, సెప్టెంబరు 5న, ఇజ్రాయెల్ క్రీడాకారుల మీద దాడి జరిగింది. ఆ తర్వాత మ్యూనిక్ పేరు చెబితే గుర్తొచ్చేది అదే. ఆ సంగీతం దాని కింద పూడిపోయింది.

అదే ఏడాదితో కొలోన్ రేడియోలో ఎడెల్‌హాగెన్ అధ్యాయం ముగిసింది. కాకతాళీయమో ఏమో, క్లార్క్-బోలాండ్ బ్యాండు కూడా 1972లోనే విడిపోయింది. ఆ తర్వాత ఎడెల్‌హాగెన్ సొంతంగా బ్యాండు నడపడానికి ప్రయత్నించాడు గానీ పాత వెలుగు రాలేదు. 1982 ఫిబ్రవరిలో, అరవై రెండో ఏడు నిండకుండానే, కొలోన్‌లో పోయాడు. విద్య అదే, చెవి అదే, పేరూ ఉంది. లేనిది నెల నెలా వచ్చే జీతాల డబ్బు ఒక్కటే. 1972కి ముందు కథతో పోల్చి చూస్తే, నా వాదనకు ఈ చివరి పదేళ్ల కన్నా పెద్ద రుజువు నాకు దొరకలేదు.

ఇప్పటి సంగతి

జర్మనీలో ఇప్పటికీ కొలోన్, హాంబుర్గ్, ఫ్రాంక్‌ఫర్ట్, స్టుట్‌గార్ట్ రేడియోలకు బిగ్ బ్యాండ్లున్నాయి. ఇలా నాలుగు బ్యాండ్లని ప్రజల డబ్బుతో పోషించే దేశం ఇంకొకటి నాకు తెలియదు. అమెరికన్ వాద్యకారులే ఇక్కడికి వచ్చి ఈ బ్యాండ్లతో రికార్డులు చేసుకుని వెళ్తున్నారు.

అయితే ఇవి ఎప్పటికీ ఉంటాయన్న భరోసా లేదు. 1954లో డోనౌఎషింగెన్‌లో ఎడెల్‌హాగెన్ బ్యాండు పక్కన కూర్చుని వాయించిన ఆ బాడెన్-బాడెన్ సింఫనీ ఇప్పుడు లేదు. తర్వాత ఫ్రైబుర్గ్‌కి మారిన ఆ ఆర్కెస్ట్రాని పొదుపు పేరుతో 2016లో స్టుట్‌గార్ట్ రేడియో సింఫనీలో కలిపేశారు. సంగీతకారులు ఎంత మొత్తుకున్నా ఆగలేదు. ఇప్పుడు చందా పెంపు మీద రాష్ట్రాల మధ్య గొడవ వచ్చినప్పుడల్లా రేడియో ఆర్కెస్ట్రాల పేరు పైకొస్తుంది. పేపర్లో ఆ వార్త కనబడితే నాకు టెన్షన్. సింఫనీలకు ఊళ్లో పెద్దల అండ ఉంటుంది. జాజ్ బ్యాండుకి అంత అండ లేదు. కత్తెర పడితే ముందు దాని మీదే పడుతుంది.

చందా మొత్తంలో టాక్ షోలకీ, ఫుట్‌బాల్ హక్కులకీ, పై అధికారుల జీతాలకీ ఎంత పోతోందని నిలదీసేవాళ్లతో నేనూ గొంతు కలుపుతాను. అక్కడ తగ్గించాల్సింది చాలా ఉంది. శాక్సఫోన్ వరుసలో ఐదో కుర్చీ తీసేస్తే ఎంత మిగులుతుందో చూద్దాం అనేవాళ్లతో మాత్రం వాదనకి దిగుతాను, గ్రూపులో ఎంతమంది విసుక్కున్నా సరే. వరంగల్ తమ్ముడికి వచ్చే నెల రేడియో బ్యాండు కచేరీకి నాతో రమ్మని మెసేజ్ పెట్టాను. ఇంకా జవాబు రాలేదు.